గృహిణికి కొన్ని మాటలు: గడపకు తగిన కొయ్య

ఇంటి కొయ్యలలో ప్రతిదినము తడి తగులునది గడప. తలుపునకు వానజల్లు ఎప్పుడో తగులును. గడపను మనమే కడుగుచుందుము, పసుపు రాయుచుందుము. కావున తలుపునకు చాలిన కొయ్య గడపకును చాలునని తలచుట పొరపాటు. ఆ పొరపాటు మేమును చేసితిమి.

నాలుగేండ్ల క్రిందట మా వీధిగడప కొన చెదలు తిని క్రుంగగా, మా అత్తగారు కాలు తొట్రిల్లి పడిరి; నెలదినములు మంచము దిగలేదు. ఆ తొందరలో ఒక అడితిలో రంగువేసి సిద్ధముగా నుంచిన కొయ్యను, టేకని చెప్పగా విని కొంటిమి. రెండు వానకాలములు గడచునప్పటికి గోడలోని కొన మెత్తబడి, వ్రేలితో నొక్కిన పొడి రాలెను. వడ్రంగి రంగు గీకి చూపెను. అది టేకే; కాని చేవ కాదు.

చాల మ్రానులలో నడిమి భాగము చేవ. దాని చుట్టును తెల్లచెక్క యుండును. బ్రదికిన చెట్టులో నీటిని మోయునది ఆ తెల్లచెక్కయే. అందు పిండిపదార్థము నిలువయుండుటచే అది పురుగులకు ఆహారమగును. చేవలో చేరిన నూనెలు, వగరులు పురుగును బూజును చాలవరకు రానీయవు. కావున కొయ్య పేరు అడుగుటతో ఆగక, చేవ యెంత యని కూడ అడుగవలెను.

టేకు చేవ తడికిని చెదలకును నిలుచును. తడిసి యారినను అంతగా వంకరపోదు. ఆదిలాబాదు అడవుల టేకు పేరుపడినది. వేగిస చేవయు గట్టిదే. కాని తడిసినపుడు పచ్చని మరక విడుచును గనుక సున్నపుగోడల నడుమ తగదు. నల్లమద్ది బరువైనది, సరిగా ఆరనిచో బీటలిచ్చును. నల్లతుమ్మ బండిచక్రములకు వాడునంత గట్టిది. అయితే పొడవుగా, తిన్నగా దొరకుట యరుదు. వేపకు పురుగు పట్టదందురు గాని, దాని తెల్లచెక్కయు పుచ్చును. మామిడి, బూరుగు చవుకయైనను గడపకు పనికిరావు. పాతయిండ్లు విప్పినపుడు వచ్చు టేకు దూలములు బాగుగా ఆరియుండును. మేకులు, చెద గుర్తులు లేనివి చూచి కొన్నచో మేలైన బేరము.

రంగు వేయని కొయ్యనే చూడుడు. కోసిన కొనయందు చేవయు తెలుపును వేరువేరుగా కనబడును.

ఎంత మంచి కొయ్యయైనను బిగించుటలో శ్రద్ధ లేనిచో చెడును. కొయ్య ప్రక్కలనుండి కంటె కొనలనుండి తడిని త్వరగా పీల్చును. గడప కొనలు గోడలో దాగియుండుటచే చెడుట అక్కడనే మొదలగును. కావున బిగింపకముందే కొనలకు రెండు మూడు పూతలు రంగు వేయించవలెను. అడుగున మన్ను తగులకుండ రాతిపలక పరపించవలెను. చెదలు నేలనుండి మట్టిదారులు కట్టుకొని వచ్చును. ఆ దారిని తుడిచివేసి యూరకుండక, ఎక్కడనుండి వచ్చుచున్నదో కనిపెట్టవలెను. కడిగిన వెంటనే గడపను పొడిబట్టతో తుడువవలెను.

ఈమారు మేము పాతయింటి టేకు దూలమును కోయించి, మా యెదుటనే పెట్టించితిమి. మా అత్తగారు శుక్రవారము పసుపు రాయునపుడు, గోడమూలను వ్రేలితో ఒకసారి నొక్కి చూచి గాని లేవరు. మీరును అట్లే చూచుకొనుడు.