సంపాదకుని మాట: చూపఱులు కొనుగోలుదారులగుట

ప్రొద్దుటూరి బంగారు అంగళ్లలో పూర్వము గాజుబీరువా వెనుక నుండిన హారము నేఁడు ఇన్‌స్టాగ్రామ్ రీలుగా మాఱి, జమ్మలమడుగు, పులివెందుల గృహిణుల ఫోనులలో మెఱయుచున్నది. అయితే మెచ్చినవారెల్లరు కొనువారు కారు. తూకమెంత, రాళ్ల బరువు తీసివేయఁగా నిలుచు పసిఁడి యెంత, తరుగెంత, మజూరీ యెంత యని విప్పి చెప్పిన వర్తకునికడకే, బిడ్డ పెండ్లికై యేండ్ల తరబడి కూడఁబెట్టిన సొమ్ముతో వారు బస్సెక్కి వత్తురు. 2023 ఏప్రిల్ 1 నుండి అంగడిలో అమ్ము హాల్‌మార్కు నగపై, అక్షరములు అంకెలు కలిసి ఆఱుండు హెచ్‌యూఐడీ సంకేతము తప్పనిసరి. దానిని కెమెరాకు దగ్గఱగాఁ జూపి, బీఐఎస్ కేర్ యాప్‌లో మీరే సరిచూచుకొనుఁడని చెప్పు చిన్న వీడియో, మా అభిప్రాయమున, సినీతారల ప్రకటనలకంటె మేలైనది. ఈ సంచికలోని వ్యాసములను వర్తకసోదరులు తమ తదుపరి వీడియో తీయుటకు ముందే చదువవలెనని మా ప్రార్థన.