వాననీటికి పార్కు గేటు తెరవండి



వానాకాలం వచ్చిందంటే హైదరాబాద్‌లో నాలాల మీదే చర్చ. ఎవరిని అడిగినా సిమెంటు బాక్సు డ్రెయిన్లే మందంటారు. పడ్డ నీటిని పడ్డచోటే ఇంకనిద్దామన్న మాట మాత్రం వినపడదు.

మా కాలనీ పార్కే చూడండి. రోడ్డు కన్నా జానెడు ఎత్తులో కట్టారు. లోపలంతా టైల్స్. గంట వాన కొడితే పార్కు నీళ్లు గేటు కిందినుంచి రోడ్డు మీదికి, అక్కణ్నుంచి కింది వీధి ఇళ్లలోకి పోతాయి. పోయిన జూలైలో ఒక మూల టైల్స్ లేచిపోయి గుంట పడింది. అక్కడ మాత్రం నీళ్లు మర్నాటికి ఇంకిపోయేవి. గరిక, తుంగ మొలిచాయి. పొద్దున తూనీగలు, రాత్రి కప్పల బెకబెకలు. మా మనవడు కప్పను దగ్గరగా చూడడం అదే మొదలు. నెల తిరక్కుండానే ఆ గుంటనూ సిమెంటుతో పూడ్చేశారు. నా మనసు చివుక్కుమంది.

పార్కులను రోడ్డు కన్నా పల్లంగా ఉంచండి. గోడ అడుగున కంతలు వదలండి. కంకర, ఇసుక పోసి పైన గడ్డి పెంచండి. దోమలు వస్తాయని కొందరి భయం. గుడ్డు దోమ కావడానికి సుమారు వారం పడుతుంది. రెండు రోజుల్లో ఇంకిపోయే నీటిలో ఆ వ్యవధి ఏదీ? చెత్త అడ్డుపడి నీళ్లు నిలిచిన డ్రెయిన్లను చూసి భయపడాలి.

2020 అక్టోబరు 13 నాటి వానకు పార్కులు చాలవని నాకూ తెలుసు. శివార్లలో కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లు దాటింది. అంత నీటికి చెరువులే దిక్కు. గొలుసుకట్టు చెరువులు సాగు కోసం తవ్వినవే అయినా వరదనూ పట్టి ఉంచేవి. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేది. ఆ దారుల్లో ఇళ్లు లేచాయి. మిగిలిన వాగుల అడుగున అయినా సిమెంటు పోయకండి. సిమెంటు కాలువ మా నీటిని తోసుకెళ్లి కింది కాలనీ నెత్తిన పోస్తుంది. మట్టి గట్టు, జమ్ము ఉంటే జోరు తగ్గుతుంది, లకుముకి పిట్టలూ నామాలకోళ్లూ చేరతాయి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు మన నగరం పక్కనే ఉంది కదా!

మా పార్కుకు ఈ ఏడు మళ్లీ టైల్స్ మంజూరయ్యాయట. పని మొదలయ్యేలోపు ఆ ఒక్క మూలనైనా మట్టిగా వదిలేయమని అధికారులను వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హైదరాబాద్