తలకిందుల గిటారు

పిల్లలూ! మీలో ఎడమచేతి వాటం వాళ్లు ఎంతమంది? "ఆ చేత్తో కాదు, ఈ చేత్తో" అని పెద్దవాళ్లు మిమ్మల్ని ఎన్నిసార్లు సరిదిద్ది ఉంటారో! అయితే ఈ నెల మీరు ఎలిజబెత్ కాటెన్ కథ వినాలి.

ఈమె 1893 లో అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో, చాపెల్ హిల్ అనే ఊరి దగ్గర, నల్లజాతివారి పేదకుటుంబంలో పుట్టింది. ఇంట్లో అన్నగారి బాంజో ఉండేది. అతను పనికి పోగానే ఆమె దాన్ని తీసి వాయించేది. కొన్నాళ్లకు అన్న ఇల్లు విడిచి పోతూ బాంజోను వెంట తీసుకుపోయాడు. అప్పుడా పిల్ల బడి మాని, ఇళ్లలో పనికి కుదిరి, వచ్చిన కొద్దిపాటి జీతం కూడబెట్టి, 3 డాలర్ల 75 సెంట్లకు ఒక గిటారు కొనుక్కున్నది.

కొన్నది సరే, నేర్పే దెవరు? ఎవరూ లేరు. పైగా ఆమెది ఎడమచేతి వాటం. గిటారుకు ఆరు తీగలు. వీణకు లాగే దీనికీ మెట్లుంటాయి. సాధారణంగా ఎడమచేత్తో మెట్ల మీద తీగలు నొక్కి, కుడిచేత్తో మీటుతారు. లావు తీగలు పైన, సన్న తీగలు కింద ఉంటాయి. మంద్రంగా పలికే లావు తీగలను బొటనవేలు మీటుతుంది. సన్న తీగల మీద పాట పలికించడం మిగిలిన వేళ్ల పని.

ఎలిజబెత్ తీగలు మార్చలేదు. గిటారునే తిప్పి పట్టుకున్నది! దాంతో సన్న తీగలు పైకి, లావు తీగలు కిందికి వచ్చాయి. వేళ్ల పనులు కూడా తారుమారైనాయి. బొటనవేలు పాట పలికిస్తే, మిగిలిన వేళ్లు మంద్రస్వరాలు మీటాయి. ఆ వాయింపుకు ఒక కొత్త సొంపు వచ్చింది. చిన్నతనంలోనే ఆమె "ఫ్రైట్ ట్రెయిన్" అనే పాట కట్టింది. అంటే గూడ్సు బండి అన్నమాట.

తరువాత పెళ్లి, బిడ్డ, చాకిరీ. అటువంటి పాటలు మానెయ్యమని చర్చివారు చెప్పారు. గిటారు మూలపడింది. ఏళ్లు గడిచిపోయాయి.

1940ల చివర, వాషింగ్టన్ నగరంలో ఒక పెద్ద దుకాణంలో పని చేస్తూ ఉండగా, తప్పిపోయిన ఒక చిన్నపిల్లను ఎలిజబెత్ తల్లికి అప్పగించింది. ఆ పిల్ల పేరు పెగ్గీ సీగర్. తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్, పేరుపొందిన సంగీతకర్త. వారింట్లోనే ఎలిజబెత్ పనికి కుదిరింది. అక్కడ గోడకు గిటారు వేలాడుతున్నది! ఆమె వేళ్లకు పాత పాట గుర్తుకొచ్చింది. పెగ్గీ ఆ పాట నేర్చుకుని ఇంగ్లండులో పాడింది. 1958 లో ఎలిజబెత్ మొదటి రికార్డు వెలువడింది. 1985 లో, 92 ఏళ్ల వయసున, ఆమెకు గ్రామీ బహుమతి వచ్చింది. 1987 లో ఆమె చనిపోయింది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆడపిల్ల గిటారు అడిగితే "నీ చేతులు చిన్నవి, అది మగపిల్లల వాద్యం" అనకండి. చిన్న చేతులకు చిన్న గిటార్లున్నాయి. నైలాన్ తీగలు లేత వేళ్లను అంతగా నొప్పించవు. ఎడమచేతి వాటం వారికి తగిన గిటార్లూ దొరుకుతాయి. ఎలిజబెత్‌కు ఇవేవీ లేవు. వద్దనే వారు లేకుంటే, ఆమె పాటలు లోకానికి ఎన్నో ఏళ్లు ముందే వినిపించేవి గదా!

పిల్లలూ, ఒక చిన్న పరీక్ష. గిటారో వీణో దొరికితే, ఒక తీగను ఊరికే మీటండి. తరువాత 12వ మెట్టు దగ్గర నొక్కి మీటండి. అదే స్వరం పైస్థాయిలో పలుకుతుంది. ఎందుకంటే, అక్కడ నొక్కితే మోగే తీగ పొడవు సగమవుతుంది. సగం తీగ రెట్టింపు వేగంతో కంపిస్తుంది. కుడిచేత్తోనూ, ఎడమచేత్తోనూ మీటి చూడండి. తీగ ఒకే స్వరం పలుకుతుంది!