అమ్మే రోజున వీళ్లను అడగనక్కర్లేదా?

అండమాన్‌లోని జంగ్లీఘాట్ రేవు నుంచి వేటకు వెళ్లే పడవలో ఎవరి డబ్బు ఏ లెక్కన ఉందో పడవ కదలకముందే తేలిపోయి ఉంటుంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు మత్స్యకారులు వెంట తెచ్చుకున్న పద్ధతి అది. వేట అమ్ముడుపోయాక డీజిలు, ఐసు, తిండి ఖర్చులు తీసేసి మిగిలిన సొమ్మును పడవకింత, వలకింత, మనిషికింత అని పంచుతారు. అది వాటా. షావుకారు ముందుగా ఇచ్చింది అప్పు. రేవులో చేప కొన్నవాడిది ఉత్త బేరం, సరుకు చేతికొచ్చాక పడవతో అతనికి పనిలేదు. ఆ పడవ రేపు ఇంకొకరి చేతికి పోతే వాటాదారు తన వాటా ధర అడుగుతాడు, షావుకారు తన బాకీ అడుగుతాడు, చేప కొన్నవాడు ఏమీ అడగడు. క్రౌడ్‌ఫండింగ్‌లో (వస్తువు తయారుకాకముందే జనం తలా కొంత ఇచ్చే పద్ధతిలో) డబ్బు పెట్టినవాడు ఈ ముగ్గురిలో ఎవరూ కాడు. అందరూ కలిసి నిలబెట్టిన స్టార్టప్‌ను పెద్ద కంపెనీ కొనేసినప్పుడల్లా రేగే కోపానికి మూలం ఇదే.

ఈ కోపాన్ని మొదట ప్రపంచం గమనించింది ఆక్యులస్ విషయంలో. 2012 ఆగస్టులో ఆ సంస్థ వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ తయారీకి క్రౌడ్‌ఫండింగ్ వెబ్‌సైటు కిక్‌స్టార్టర్ వేదికగా రెండున్నర లక్షల డాలర్లు అడిగితే, 9,522 మంది కలిసి 24 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. 2014 మార్చి 25న దాన్ని 200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ఫేస్‌బుక్ ప్రకటించింది. డబ్బిచ్చినవాళ్లు మండిపడ్డారు. మైన్‌క్రాఫ్ట్ సృష్టికర్త మార్కస్ పెర్సన్, తాను పదివేల డాలర్లు ఇచ్చింది ఫేస్‌బుక్ కొనుగోలుకు విలువ పెంచడానికి కాదని రాసి, తన ఆటను ఆ హెడ్‌సెట్‌కు తెచ్చే చర్చలు ఆపేశాడు. అదే ఏడాది ఆయన తన కంపెనీ మోజాంగ్‌ను 250 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్ట్‌కు అమ్మాడు. దాన్ని చూపించి ఆయన అభ్యంతరాన్ని కొట్టిపారేయడం సరికాదు. మోజాంగ్‌ను కట్టడానికి ఆయన జనం దగ్గర చందా తీసుకోలేదు.

లాభంలో భాగం రాలేదన్న దుగ్ధతోనే ఇదంతా అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. తర్వాత జరిగింది చూస్తే ఆ మాట నిలవదు. 2016 జనవరిలో ఆక్యులస్ తన తొలి డెవలపర్ కిట్ అందుకున్న కిక్‌స్టార్టర్ మద్దతుదారులకు 599 డాలర్ల కొత్త రిఫ్ట్ హెడ్‌సెట్‌ను ఉచితంగా ఇస్తానంది. కిట్ కోసం వాళ్లు కట్టింది దాదాపు 300 డాలర్లు. అంటే ఇచ్చినదానికి రెట్టింపు విలువ తిరిగొచ్చింది. కోపం డబ్బు గురించే అయితే అక్కడితో చల్లారాలి. అలా కాలేదు. ఫేస్‌బుక్ లాగిన్ అవసరం ఉండదని అమ్మకం నాడు వ్యవస్థాపకుడు పామర్ లకీ భరోసా ఇచ్చాడు. 2020 ఆగస్టులో అదే కంపెనీ, ఇకపై కొత్తగా చేరేవాళ్లకు ఫేస్‌బుక్ ఖాతా తప్పనిసరి అంది. ఆరేళ్ల కిందటి భయం అక్షరాలా నిజమైంది. విమర్శలు ఆగకపోవడంతో 2022లో ఆ షరతు తీసేసి, ఫేస్‌బుక్ కంపెనీ కొత్త పేరైన మెటా పేరిట వేరే ఖాతా పెట్టారు. వాళ్లు అడిగింది వస్తువు ఎటు పోతుందన్న విషయంలో ఒక మాట. అమ్మిన ధరలో పైసా అడగలేదు.

పెబుల్ కథ ఇంకా బాధాకరం. 2012లో 68,929 మంది కోటి డాలర్లకు పైగా ఇచ్చి నిలబెట్టిన స్మార్ట్‌వాచ్ కంపెనీ అది. 2015లో రెండోసారి రెండు కోట్లు, 2016లో మూడోసారి కోటి పాతిక లక్షలకు పైగా డాలర్లు దానికి జనమే ఇచ్చారు. ఆ ఏడాది డిసెంబరులో కంపెనీ మూతపడింది. సాఫ్ట్‌వేర్‌నూ పేటెంట్లనూ ఫిట్‌బిట్ సుమారు 2 కోట్ల 30 లక్షల డాలర్లకు తీసుకుంది. ఇంకా పంపని వాచీలను రద్దు చేసి డబ్బు వాపసు ఇచ్చారు, సరే. చేతికున్న వాచీలకు మాత్రం వారంటీ పోయింది, 2018 జూన్ 30తో సర్వర్లూ ఆగాయి. రెబుల్ పేరుతో కొందరు వాడుకరులే పూనుకుని ఆ సేవలను సొంతంగా నడపబట్టి అవి బతికాయి.

ఈ కోపానికి ఎదురయ్యే మొదటి వాదన: వాళ్లు కొనుగోలుదార్లే, వస్తువు అందింది, లెక్క సరి. అయితే తమది దుకాణం కాదని 2012లో ప్రకటించింది కిక్‌స్టార్టరే. వస్తువు ఆలస్యమైనా, అసలు రాకపోయినా మీరు కొన్నట్టు కాదు, తోడ్పడ్డట్టు అంటారు. కంపెనీ అమ్ముడుపోయిన రోజున మీరు కొన్నారంతే, ఇక మీకేం పని అంటారు. నష్టం వచ్చే చోట తోడు, నిర్ణయం తీసుకునే చోట పరాయి. ఈ రెండు మాటల్లో ఏదో ఒకటే నిజం కావాలి.

వాటా కాగితం లేకుండానే హక్కు ఉంటుందన్న భావన తెలుగువాళ్లకు కొత్త కాదు. 1966లో విశాఖ ఉక్కు కోసం 32 మంది ప్రాణాలిచ్చారు. ఆ కర్మాగారంలో నూరు శాతం వాటాల అమ్మకానికి 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు వీధుల్లోకి వచ్చినవాళ్లెవరూ అమ్మకపు సొమ్ములో భాగం అడగలేదు. అది ప్రజల ఆస్తి, దానికి పార్లమెంటులో జవాబు చెప్పేవాళ్లున్నారు. స్టార్టప్‌కు ఆ జవాబుదారీ లేదు కాబట్టి పోలికను అంతదూరం లాగను. కానీ ఒకటి పుట్టకముందే దాన్ని నమ్మి ఇచ్చినవాళ్లకు అది ఎవరి చేతికి పోతుందో అడిగే అర్హత ఉందన్న నమ్మకం రెండుచోట్లా ఒక్కటే.

అమ్మకపోతే ఆక్యులస్, పెబుల్ బతికేవా అన్న ప్రశ్న బలమైనదే. హెడ్‌సెట్‌ను మార్కెట్‌కు తేవడానికి కావలసిన పెట్టుబడి 24 లక్షల డాలర్లతో తీరేది కాదు. పెబుల్ దగ్గర డబ్బే అయిపోయింది. అందుకే అమ్మకాన్ని ఆపే అధికారం వీళ్లకు ఇవ్వాలని నేను అనను. మొదట్లోనే, డబ్బు అడిగే పేజీలోనే, కంపెనీ చేతులు మారితే ఏం జరుగుతుందో రాసి తీరాలంటాను. అందని వస్తువుకు డబ్బు ముందు తిరిగి ఇవ్వాలి. అందిన వస్తువు కొత్త యజమాని ఖాతా లేకుండా పనిచేయాలి. సర్వర్లు ఆపే పక్షంలో సాఫ్ట్‌వేర్‌ను బహిరంగంగా విడుదల చేయాలి. ఇలాంటి షరతులుంటే కొనేవాడు ధర తగ్గిస్తాడని అంటారు. కొంత తగ్గించవచ్చు. వడ్డీ లేకుండా, వాటా వదులుకోకుండా జనం దగ్గర డబ్బు తెచ్చుకున్నందుకు ఆ మాత్రం ఖరీదు న్యాయమే.

అయితే వాళ్లకు షేర్లే ఇచ్చేస్తే పోలా అని మరికొందరు. అమెరికాలో 2016 మే నుంచి అందుకు వీలుంది. మన దగ్గర సెబీ 2014లో చర్చా పత్రం ఒకటి తెచ్చింది కానీ సామాన్యుడికి ఆ దారి తెరుచుకోలేదు. ప్రైవేటు కంపెనీ ఏడాదిలో 200 మందికి మించి వాటాలు ఇవ్వజూపకూడదన్న నిబంధన ఉంది. తెరిచినా పెద్ద వాటాదార్లు అమ్మితే చిన్నవాళ్లూ అమ్మక తప్పని ఒప్పందాలు ఈ రంగంలో మామూలే. షేరు డబ్బిస్తుంది, మాట ఇవ్వదు.

సర్వర్ ఎక్కడో ఉండి, మన చేతిలో పరికరం మాత్రమే ఉంటే ఎంత నిస్సహాయతో అండమాన్‌కు బాగా తెలుసు. చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా ఇక్కడి ఇంటర్నెట్ ఉపగ్రహం దయ మీదే నడిచింది. సర్వర్ ఆగితే పనికిరాకుండా పోయే వస్తువును కొనమని ఇక్కడి పిల్లలకు చెప్పడం కష్టం, దాని తయారీకి ముందుగా డబ్బివ్వమనడం మరీ కష్టం. సాఫ్ట్‌వేర్ బయటికొస్తే ఏమవుతుందో పెబుల్ విషయంలోనే తేలింది. ఫిట్‌బిట్‌ను కొన్న గూగుల్ 2025 జనవరిలో పెబుల్ సాఫ్ట్‌వేర్ సోర్స్‌కోడ్‌ను అందరికీ విడుదల చేసింది. పెబుల్ వ్యవస్థాపకుడు మళ్లీ వాచీల తయారీ మొదలుపెట్టాడు. 2016 డిసెంబరు నాటి అమ్మకపు ఒప్పందంలోనే ఆ విడుదల షరతు ఉండి ఉంటే, ఎనిమిదేళ్లు ఎదురుచూడాల్సిన పని లేకపోయేది.