కంప్యూటరు గది: పాత డ్రాయింగు, కొత్త ప్రింటరు

షట్‌డౌన్ తేదీలు ఖరారైన మరునాటి నుండి ఈ శీర్షికకు పలు విభాగాల నుండి ఒకే ప్రశ్న వస్తున్నది. “పాత ఆటోక్యాడ్‌ను ఎలాగో నడిపించగలుగుతున్నాము, డ్రాయింగు తెరపై కనబడుతున్నది, కాని ప్రింటు రావడం లేదు. ఏమి చేయాలి?” పైపు ఎక్కడ మలుపు తిరిగినదీ, పునాది బోల్టుల మధ్య దూరమెంతో ఆ డ్రాయింగులోనే ఉన్నవి. గ్యాస్ కట్టరు పట్టుకొని నిలబడిన ఫిట్టరును కంప్యూటరు గదికి పిలిచి తెర చూపించలేము గదా!

ముందుగా చిక్కు ఎక్కడున్నదో గ్రహించాలి. 1992లో వెలువడిన 12వ విడుదల డాస్ మీద నడిచేది. 13వ విడుదలతో డాస్ రూపం ముగిసింది. 1997 నాటి 14వ విడుదల విండోస్‌కే పరిమితమైనది. డాస్ ప్రోగ్రాముకు విండోస్‌లోని ప్రింటర్ల పట్టికతో పరిచయం లేదు. తన సొంత డ్రైవరుతో ఆజ్ఞలు తయారుచేసుకొని ఎల్‌పీటీ1 వంటి పోర్టుకు నేరుగా పంపుతుంది. నేటి కంప్యూటర్లలో చాలావాటికి ఆ పోర్టే లేదు. పైగా 64 బిట్ల విండోస్‌లో డాస్ ప్రోగ్రాములు తమంతట తాము నడవవు. విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు కనుక డాస్‌బాక్స్ వంటి అనుకరణ సాధనాన్ని ఆశ్రయించక తప్పదు.

32 బిట్ల విండోస్ ఉన్నచోట ‘నెట్ యూజ్’ ఆజ్ఞతో ఎల్‌పీటీ1ను నెట్‌వర్కు ప్రింటరుకు మళ్ళించవచ్చును. కాని ఆ ప్రింటరుకు పాత ఆజ్ఞల భాష తెలిసి ఉండాలి. చవకరకం ప్రింటర్లు అనేకం దానిని ఎరుగవు. ఒక్క డ్రాయింగుకు బదులు అర్థంకాని అక్షరాలతో కాగితాల దొంతర బయటకు వస్తుంది.

అందుచేత ప్రింటరు వెంట పరుగెత్తవద్దని మా సలహా. ప్లాటరుగా హెచ్‌పీ పెన్ ప్లాటరును ఎంచుకొని, ‘ప్లాట్ టు ఫైల్’ అనే సౌకర్యంతో ఫైలు తయారుచేయండి. అందులో ఉండేది హెచ్‌పీజీఎల్ భాష: పెన్ను ఎత్తు, దించు, ఇక్కడి నుండి అక్కడికి కదులు. ఒక మిల్లీమీటరుకు 40 ప్రమాణాలు చొప్పున కొలత కూడా అందులోనే ఉంటుంది. ఆ ఫైలును కొత్త యంత్రంలో పీడీఎఫ్‌గా మార్చి, ఏ ప్రింటరుకైనా పంపవచ్చును.

కొత్త ఆటోక్యాడ్‌లోనే పాత ఫైలును తెరిస్తే సరిపోదా అని కొందరు అడుగుతున్నారు. తెరుచుకుంటుంది. అయితే 12వ విడుదలలో గీత మందం డ్రాయింగులో ఉండదు. ఏ రంగుకు ఏ పెన్ను అన్నది ప్లాట్ అమరికలో ఉండేది. ఆ వివరం గల పీసీపీ ఫైలును చూసి కొత్తదానిలో మందాలు మళ్ళీ అమర్చకపోతే యంత్రభాగపు అంచూ, మధ్యరేఖా ఒకే మందంతో వస్తాయి. ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటు ఫైళ్ళు దొరకకపోతే అక్షరాల వెడల్పు మారి, అంకెలు గీతలపైకి ఎక్కుతాయి. ఆ స్థితిలో 3 ఏదో 8 ఏదో పోల్చుకోవడం కష్టం.

అన్నింటికంటే ప్రమాదకరమైనది కాగితానికి సరిపడేలా కుదించే ‘ఫిట్ టు పేజ్’. 1:50 స్కేలులో 100 మి.మీ. గీత 5 మీటర్లను సూచించాలి. ప్రింటరు దానిని 95 శాతానికి తగ్గిస్తే స్కేలుబద్ద 4.75 మీటర్లే చూపుతుంది. ప్రింటు మీద కొలత తీసి పైపు కోయరాదన్నది నియమమే. సైటులో ఆ నియమం ఎంతవరకు నిలుస్తున్నదో మనందరమూ ఎరుగుదుము. కనుక ప్రతి డ్రాయింగు మూలలో 100 మి.మీ. గీత ఒకటి చేర్చి ప్లాట్ చేయండి. ప్రింటు తీసిన వారు దానిని కొలిచి, సంతకం చేసిన పిమ్మటనే సైటుకు పంపాలి.

ఈ పనిని వాయిదా వేయవద్దు. ఆనాటి ప్రోగ్రాములలో కొన్ని, పోర్టుకు తగిలించే హార్డ్‌వేర్ తాళం ఉంటేనే పనిచేసేవి. ఆ తాళం పోయినా, పాత యంత్రపు హార్డ్ డిస్కు ఆగినా ప్లాట్ ఫైలు తయారుచేసే దారి మూసుకుపోతుంది. తరచుగా అవసరమయ్యే డ్రాయింగులతో ప్రారంభించండి. ఫాంటు ఫైళ్ళను వెదకి భద్రపరచే పద్ధతిని వచ్చే సంచికలో వివరిస్తాము.