చుక్క మనది, మాట ఎవరిది?

కూలి జనానికీ ఆకాశంలోని ఉపగ్రహానికీ ఏం సంబంధం అంటారు కొందరు. సంబంధం ఉంది. అది ఎగిరింది జనం సొమ్ముతోనే.

భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిపే ఉపగ్రహం, భూమి ఒకసారి తిరిగేలోగా తానూ ఒక చుట్టు తిరుగుతుంది. బండితో సమానంగా నడిచే మనిషి బండిలోని వాడికి పక్కనే నిలబడినట్టు కనబడతాడు కదా, ఇదీ అంతే. అందుకే డిష్షును ఒక దిక్కుకు బిగిస్తే చాలు. కింది కేంద్రం పంపిన బొమ్మనూ మాటనూ అందుకొని అది దేశమంతటా వెదజల్లుతుంది. దొర మేడ, కూలి గుడిసె అనే తేడా దానికి లేదు.

తేడా అంతా కిందనే ఉంది.

1975 ఆగస్టు 1న 'సైట్' ప్రయోగం మొదలైంది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తెచ్చి, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ చూపారు. కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల పల్లెలూ వాటిలో ఉన్నాయి. పొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. ఊరందరికీ ఒకే పెట్టె. 1976 జులై 31తో గడువు తీరింది, ఉపగ్రహం వెళ్లిపోయింది. అరువు ఎద్దుతో సేద్యం అంతే మరి!

తర్వాత దేశం సొంతానికి ఇన్సాట్ వరుస తెచ్చుకుంది. 1982లో పోయిన 1ఏ కొద్ది నెలలకే చెడింది. 1983లో పోయిన 1బీ నిలబడింది, దూరదర్శన్‌ను మారుమూలలకు చేర్చింది. ఎద్దు మనదైంది. మరి మేడి ఎవరి చేతిలో ఉంది?

ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టే చెప్పింది. 2015లో ఢిల్లీ నుంచి డీడీ కిసాన్ వచ్చింది. నెలనెలా రుసుము లేని ఫ్రీ డిష్ కూడా ఉంది. మంచిదే. కాని విత్తనం, ఎరువు, మందు గురించి చెప్పినంతగా, ఆ విత్తనం నాటే చేతుల గురించి ఎవరు చెబుతున్నారు?

మనం కోరేది పెద్దదేమీ కాదు. కూలీలు ఇల్లు చేరే వేళ, రోజూ అరగంట, మన తెలుగులో చెప్పండి: ఈ జిల్లాలో కనీస వేతనమెంత, ఉపాధి పనికి కూలెంత, ఎగ్గొడితే ఎవరిని అడగాలి, కౌలుదారుకు పంటరుణం ఎలా వస్తుంది. గ్రామసభల్లో ఈ తీర్మానం పెట్టించండి.

ఆకాశం నుంచి అందరికీ సమానంగా పడేది వాన ఒక్కటే కాకూడదు.