పాత నాటకం మీద చెయ్యి చేసుకుంటే

హీరో హీరోయిన్‌ని ఒడిలో బోర్లా పడేసుకుని నాలుగు బాదితే హాలంతా ఘొల్లుమని నవ్విన కాలం బ్రాడ్‌వేకీ ఉంది. 1948 డిసెంబరు 30న న్యూయార్క్‌లో మొదలైన ‘కిస్ మీ, కేట్’ మ్యూజికల్ మొదటి అంకంలో ఆ దెబ్బలు ఉండేవి. 1953లో సినిమాగా తీసినప్పుడు పోస్టరు మీద కూడా అదే బొమ్మ వేశారు.

కథలో ఫ్రెడ్, లిల్లీ విడాకులు తీసుకున్న నటీనటులు. షేక్‌స్పియర్ ‘టేమింగ్ ఆఫ్ ద ష్రూ’ కలిసి ఆడాల్సి వచ్చి, తెర వెనక తగువును వేదిక మీదికి లాక్కొస్తారు. పాటలు కోల్ పోర్టర్‌వి, మాటలు శామ్, బెల్లా స్పీవాక్ దంపతులవి. ఆ దంపతులకూ అప్పట్లో పొసగడం లేదు. మాటలకు అంత వాడి ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు! నాటకం 1,077 సార్లు ఆడింది. ఉత్తమ మ్యూజికల్‌కి ఇచ్చే టోనీ అవార్డు మొట్టమొదట దక్కింది దీనికే.

పొగరుబోతు పెళ్లాం మెడలు వంచే కథ తెలుగువాళ్లకూ కొత్తేం కాదు. ‘గుండమ్మ కథ’ ఒక కన్నడ సినిమా ఆధారంగా వచ్చినా, అందులో నాగేశ్వరరావు జమునను దారికి తెచ్చే భాగానికి షేక్‌స్పియర్ నాటకమే మూలమంటారు. అరవై ఏళ్లు దాటినా టీవీలో ఆ సినిమా వస్తే కదలకుండా చూసే ఇళ్లున్నాయి. సినిమాకు ఆ సౌకర్యం ఉంది. తీసిన నాటి మనుషులతో, నాటి మాటలతో అలాగే ఉండిపోతుంది. నాటకం అలా కాదు. ఈనాటి నటి ఈనాటి ప్రేక్షకుల ఎదుట నిలబడి ఆ దెబ్బలు తినాలి.

1999లో ‘కిస్ మీ, కేట్’ని మళ్లీ ఎత్తుకున్న బృందానికి దర్శకుడు మైఖేల్ బ్లేక్‌మోర్. నృత్యాలు కాథ్లీన్ మార్షల్, దుస్తులు మార్టిన్ పాక్లెడినాజ్ చూశారు. పాత పాటలకు డాన్ సెబెస్కీ కొత్తగా వాద్యరచన చేశాడు. లిల్లీని పెళ్లాడబోయే హారిసన్ హోవెల్‌ని సైనిక జనరల్‌ని చేసి, పోర్టర్ మరో నాటకానికి రాసిన పాటను తెచ్చి అతనికీ లిల్లీకీ ఇచ్చారు. 881 ప్రదర్శనలు, అయిదు టోనీలు. ఆ టోనీలు ఇచ్చిన రాత్రే ‘కోపెన్‌హేగన్’ నాటకానికి కూడా దర్శకుడిగా బ్లేక్‌మోర్ బహుమతి కొట్టేశాడు. అయితే సంభాషణలకు మెరుగులు దిద్దిన పెద్ద నాటక రచయిత జాన్ గ్వేర్ పేరు మాత్రం రచయితల వరుసలో పడలేదు. పాతదే చూస్తున్నామనుకుని జనం చప్పట్లు కొట్టారు.

2019లో రౌండెబౌట్ నాటక సంస్థ స్టూడియో 54లో వేసినప్పుడు దాపరికం లేదు. దర్శకుడు స్కాట్ ఎల్లిస్ సంభాషణలు సరిచేసే పనిని అమాండా గ్రీన్‌కి అప్పగించి, అదనపు రచన ఆమెదని పేరు వేయించాడు. పేరు పడితే తిట్లు కూడా పడతాయి. షేక్‌స్పియర్ మీదే కత్తెర వేస్తారా అని కొందరు, వేసినా కథ కథే కదా అని కొందరు అననే అన్నారు.

ఆమె చేసిన మార్పుల్లో రెండు చెప్పుకోదగ్గవి. ఒడిలో వేసుకుని బాదడం పోయి, ఇద్దరూ ఒకరినొకరు తన్నుకోవడం వచ్చింది. ఇది కాస్త లెక్క చూసి పంచినట్టుంది. దెబ్బలు సమానమయ్యాయి గానీ, అసలు సమస్య దెబ్బల దగ్గర లేదు. అది చివరి పాటలో ఉంది. ఆడవాళ్లు ఇంత అమాయకులైనందుకు సిగ్గేస్తోందని కేట్ వేషంలో ఉన్న లిల్లీ పాడుతుంది. మాటలు దాదాపుగా షేక్‌స్పియర్‌వే, పోర్టర్ బాణీ కట్టాడు. 2019లో అక్కడ ‘ఆడవాళ్లు’ తీసేసి ‘మనుషులు’ అన్నారు. బాణీ కదల్లేదు. లిల్లీగా వేసిన కెల్లీ ఓహారా పాడుతుంటే ఆ సిగ్గు ఎదురుగా ఉన్న మగాడికి కూడా తగిలింది. వారెన్ కార్లైల్ కూర్చిన ‘టూ డార్న్ హాట్’ నృత్యానికి ఇలాంటి మరమ్మతులేవీ అవసరం పడలేదు. పాత కామెడీల్లో ముందుగా పాడయ్యేవి మాటలే, అడుగులు కావు.

బహుమతుల లెక్కలో 1999 బృందమే గెలిచింది. 2019 వాళ్లకు టోనీ నామినేషన్లు వచ్చాయి తప్ప ఒక్కటీ చేతికి రాలేదు. అయినా పద్ధతిలో మాత్రం మెచ్చుకోవాల్సింది రెండో బృందాన్నే. నాటకం మీద చెయ్యి చేసుకున్నది ఎవరో టిక్కెట్టు కొన్నవాడికి తెలిసింది.

మన దగ్గర ‘కన్యాశుల్కం’ పూర్తిగా ఆడాలంటే ఒక పూట చాలదు. అందుకే దాన్ని కుదించే వేస్తుంటారు. తప్పేం లేదు, 1897లో అచ్చయిన నాటకాన్ని గురజాడే తిరగరాసి 1909లో దాదాపు కొత్తది చేశారు. అయితే ఆయన తన పేరుతో చేశారు. ఇప్పుడు వేసే సమాజాలు కూడా కరపత్రం మీద గురజాడ పేరు కింద, కుదించినవారి పేరు అంతే స్పష్టంగా అచ్చు వేయించాలి.